అన్నం తిన్నాక బయల్దేరాలి

హైదరాబాదు నుంచి సింగపూరుకు ఆకాశంలో దారి సుమారు 3,300 కిలోమీటర్లు. మా లెక్కలో అయితే 2,060 మైళ్ళు. రోడ్ల పక్క రాళ్ళమీద మైళ్ళు చెరిగిపోయి ఎన్నో ఏళ్ళయినా, విమానం టికెట్లు రాసేవాళ్ళం మాత్రం మైళ్ళలోనే బతికాం. ఎక్కి కూర్చుంటే నాలుగు గంటలు, మహా అయితే నాలుగున్నర. నేను ఈ పనిలో చేరిన 1997లో అంతే, మొన్న మా అక్క కొడుకు వెళ్ళినప్పుడూ అంతే. ఇన్నేళ్ళలో విమానాలు మారాయి, కంపెనీలు పుట్టాయి, మునిగాయి, సీట్లు ఇరుకయ్యాయి. జెట్టు వేగం మాత్రం గంటకు ఎనిమిది తొమ్మిది వందల కిలోమీటర్ల దగ్గరే ఉండిపోయింది. తగ్గిన దూరమంతా నేలమీదే తగ్గింది. కొంత పెరిగింది కూడా నేలమీదే.

ఆ నేలమీద దూరంతో పదకొండేళ్ళు కాపురం చేశాను.

ఖమ్మంలో డిగ్రీ అయ్యాక హైదరాబాదు వచ్చి టికెటింగ్ కోర్సులో చేరితే, మాకు మొదట నేర్పింది మైళ్ళు కూడటం. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. ఏ రెండు ఊళ్ళ మధ్య ఎన్ని మైళ్ళో అచ్చేసిన లావుపాటి పుస్తకాలుండేవి. తిన్నని దారికన్నా ఇరవై శాతం దాకా చుట్టు తిరిగినా ధర అదే. గీత దాటితే అయిదు శాతం అదనం, ఇంకా దాటితే పది, అలా పాతిక దాకా. హైదరాబాదు వాడు చెన్నై మీదుగా సింగపూరు వెళ్తే లెక్క సరిపోయేది. ముంబై మీదుగా వెళ్తే గీత దాటేది. తూర్పుకు వెళ్ళాల్సినవాడు పడమరకు వెళ్ళి తిరిగొస్తే ఊరికే ఎందుకు మోస్తారు? కాలిక్యులేటరు పక్కన పెట్టుకుని ఇలాంటి కూడికలు ఎన్ని చేశానో. ఎవరు ఎంత దూరం వెళ్తున్నారో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదని ఆ రోజుల్లో నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

మా ఆఫీసు బేగంపేటలో, ఎయిర్‌పోర్టుకు కూతవేటు దూరంలో. రెండు టేబుళ్ళు, నల్లటి తెరమీద ఆకుపచ్చ అక్షరాలు నడిచే ఒక టెర్మినల్, వచ్చినవాళ్ళకు నాలుగు ఫైబరు కుర్చీలు. విమానం దిగుతుంటే మాటలు ఆపేవాళ్ళం. దిగిపోయాక ఆపిన చోటు నుంచే మళ్ళీ అందుకునేవాళ్ళం. ఫోన్లో అవతల ఉన్నవాళ్ళకు ఇది అర్థమయ్యేది కాదు. లైను కట్టయిందనుకుని పెట్టేసేవారు.

1998 నవంబరు 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని వాజపేయి ప్రారంభించారు. హైటెక్ సిటీలో హైటెక్ అంటే హై టెక్నాలజీ అనుకుంటారు గాని, కాగితం మీద అది హైదరాబాద్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ అండ్ ఇంజనీరింగ్ కన్సల్టెన్సీ సిటీ. అంత పేరు ఎవరు పలుకుతారు? బస్సు కండక్టరుకు అది 'సైబర్ టవరు'. మా సారు వారానికి రెండుసార్లు నన్ను టికెట్ల కట్టతో అక్కడికి పంపేవారు. బేగంపేటలో 10హెచ్ ఎక్కితే అమీర్‌పేట దాకా నిలబడటానికి చోటుండేది కాదు. మైత్రీవనం దగ్గర జావా, ఒరాకిల్ నోట్సుల జిరాక్సులు పట్టుకున్న పిల్లలంతా దిగిపోయేవారు. పెద్దమ్మ గుడి దాటాక బస్సులో మిగిలేది పదిమందిమి. అందులోనూ సగం మంది శిల్పారామం చూడ్డానికి వచ్చినవాళ్ళు. అటూ ఇటూ బండరాళ్ళు, ఒకదానిమీద ఒకటి ఎవరో పేర్చి వెళ్ళినట్టు. రాళ్ళ సందుల్లో మేకలు. ఆ రాళ్ళ మధ్య గుండ్రంగా, పది అంతస్తులతో అద్దాల మేడ. మొదటిసారి చూసినప్పుడు నాకు అందంగా అనిపించలేదు. ఎక్కడో కట్టి ఇక్కడ దింపినట్టు ఉంది అనుకున్నాను. ఇప్పుడు చుట్టూ ఆకాశాన్ని తాకే కట్టడాల నడుమ అదే బక్కగా, పాతకాలం మనిషిలా కనిపిస్తుంటే దానిమీద అభిమానం పుట్టుకొస్తోంది.

లోపల రిసెప్షన్‌లో సంతకం పెట్టించుకుని టికెట్ అందించాలి. టికెట్ అంటే చిన్న పుస్తకం. నాలుగు కూపన్లు, ప్రతి రేకు వెనకా ఎర్రటి కార్బన్ పూత. పేరులో ఒక్క అక్షరం తప్పు రాస్తే ఆ పుస్తకం రద్దు చేసి ఇంకోటి రాయాలి, రద్దు చేసినదానికీ లెక్క చెప్పాలి. పోతే డబ్బు పోయినట్టే. ఎర్ర కార్బను వేళ్ళకు అంటేది, చున్నీకి అంటేది, ఎంత కడిగినా గోళ్ళ అంచున ఉండిపోయేది. పండక్కి ఇంటికి వెళ్తే మా అమ్మ చూసి, "హైదరాబాదులో గోరింటాకు కూడా పెట్టుకోవడం రాదా, వేళ్ళ చివరే అంటించావు" అంది.

వెళ్ళేవాళ్ళు చాలామంది పాతికేళ్ళ లోపువాళ్ళు. 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తారీఖు మర్చిపోతాయన్న భయం అప్పుడు లోకమంతా ఉంది. ఆ భయం మనవాళ్ళకు అన్నం పెట్టింది. అమెరికా వీసా వచ్చినవాడు అమెరికా వెళ్ళేవాడు. రానివాడు, వచ్చేదాకా ఆగలేనివాడు సింగపూరు. సింగపూరు డాలరు పాతిక రూపాయలకు అటూ ఇటూ ఉండేది. దీన్నిబట్టి మా ఆఫీసులోనే రెండు కులాలు ఏర్పడ్డాయి. అమెరికా తల్లిదండ్రులు కుర్చీలో వెనక్కి వాలి కూర్చునేవారు. సింగపూరు తల్లిదండ్రులు ముందుకు వంగి, "ముందు ఇక్కడికి వెళ్తాడు, అక్కణ్ణుంచి అమెరికా వెళ్తాడు" అని అడగకపోయినా చెప్పేవారు. వాళ్ళ దృష్టిలో సింగపూరు రైలు మారే జంక్షను.

అన్నట్టు నేరుగా వెళ్ళే విమానం అప్పటికింకా లేదు. చాలామందికి సింగపూరు ప్రయాణం నాంపల్లి స్టేషన్లో మొదలయ్యేది. సాయంత్రం చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే విజయవాడ, గూడూరు మీదుగా 790 కిలోమీటర్లు పోయి మర్నాడు పొద్దున చెన్నై సెంట్రల్. పగలంతా ఎవరో దూరపు చుట్టాల ఇంట్లోనో, స్టేషను ఎదుట లాడ్జిలోనో. రాత్రికి మీనంబాక్కం ఎయిర్‌పోర్టుకు వెళ్ళి నాలుగు గంటలు ఎగిరితే సింగపూరు. ఆకాశంలో నాలుగు గంటల కోసం నేలమీద ఒక రోజుకు పైనే. వీసా కాగితాల పనికీ చెన్నైయే దిక్కు. పాస్‌పోర్టు కొరియర్లో వెళ్ళి వచ్చేదాకా ఇంటిల్లిపాదీ మా ఆఫీసుకు ఫోన్లు. పాస్‌పోర్టు మా దగ్గరికే రాదని ఎన్నిసార్లు చెప్పినా సరే.

బరువు ఇంకో బాధ. అమెరికా వెళ్ళేవాడికి రెండు పెట్టెలు, ఒక్కోటి 32 కిలోలు. సింగపూరు వెళ్ళేవాడికి అన్నీ కలిపి 20 కిలోలు. ఈ తేడా తల్లులకు అర్థం చేయించడం నా వల్ల అయ్యేది కాదు. "దగ్గర ఊరేగదమ్మా, ఇంకా ఎక్కువ పట్టుకెళ్ళనియ్యాలి గాని తక్కువేమిటి?" అని ఒకావిడ అడిగితే, ఆమె మాటలో న్యాయం ఉందనిపించి నోరు మెదపలేదు. కిరాణా కొట్టు కాటామీద పెట్టె తూచి తెచ్చేవారు. కౌంటరు దగ్గర అది 26 చూపించేది. అప్పుడు బేగంపేట లాంజిలో నేలమీద పెట్టె పరిచి, పాత చీరలో చుట్టిన ఆవకాయ సీసాలు, కొవ్వొత్తి మంటతో అంచులు అతికించిన గోంగూర ప్యాకెట్లు, కారప్పొడి, సున్నుండలు ఒక్కొక్కటే బయటికి. ప్రతి ఇంటా చివరికి మిగిలేది ఒకటే తగాదా: కుక్కరా, ఆవకాయా? ఎప్పుడూ ఆవకాయే గెలిచేది.

నేను చెప్పి తీరాల్సిన మాట మరొకటి ఉండేది. సింగపూరుకు గసగసాలు తీసుకెళ్ళకూడదు. అక్కడ వాటిని మత్తుమందుల లెక్కలో చూస్తారు, చట్టం గట్టిది. ఈ మాట చెబితే నమ్మినవాళ్ళు లేరు. "మసాలాలో పిడికెడు గసాలు వేస్తే మత్తా?" అని నవ్వేవారు. మాంసం కూర మసాలా పొడి దంచి ఇచ్చిన ఒక అమ్మమ్మగారు అయితే నా మీద అలిగి, ఆ పొట్లం మా టేబులు మీదే పెట్టి వెళ్ళిపోయారు. ఆ వారమంతా మా సారు ఇంట్లో కూరలు బాగున్నాయి.

బేగంపేటకు ఒక్కడు ఎక్కడానికి వస్తే పదిమంది దింపడానికి వచ్చేవారు. డొమెస్టిక్‌కు ఎన్టీ రామారావు పేరు, ఇంటర్నేషనల్‌కు రాజీవ్ గాంధీ పేరు. రెండింటి ముందూ టాటా సుమోలు. ఆకాశంలో మన ప్రయాణం మొదలుకాకముందే ఎన్ని పనులుండేవో! కొబ్బరికాయ కొట్టాలి, ముత్తైదువ ఎదురు రావాలి, రాహుకాలం, వర్జ్యం చూడాలి. పంచాంగం విమానాల టైంటేబులుకు లొంగదు, టైంటేబులు పంచాంగానికి లొంగదు. మధ్యలో నేను. సింగపూరు తూర్పున ఉంది. సోమవారం, శనివారం తూర్పుకు వారశూల. టికెట్ సోమవారానికి దొరికితే ఏం చెయ్యాలి? పెద్దవాళ్ళ దగ్గర ఉపాయం ఉంది. ప్రస్థానం పెట్టడం. మంచి ఘడియలో సామాను కొంత ముందుగా ఇంకో ఇంట్లో పెట్టేస్తే ప్రయాణం మొదలైనట్టే లెక్క. సిటీలో తెలిసిన ఇల్లు లేనివాళ్ళు ఆ సామాను తెచ్చి మా ఆఫీసులో పెట్టేవారు. ఆదివారం పొద్దున్నే తాళం తీసి, తుండుగుడ్డలో చుట్టిన జత బట్టలు, ఒక దువ్వెన అందుకుని లోపల పెట్టిన రోజులున్నాయి. మా సారు మొదట విసుక్కున్నారు. తర్వాత బీరువాలో ఒక అర ఖాళీ చేసి ఇచ్చారు.

బేగంపేట రన్‌వే తూర్పు పడమరలు. గాలి ఎటునుంచి వీస్తే అటు ముఖం పెట్టి ఎగరాలి గనక, పడమటి గాలి వీచే వానాకాలంలో తూర్పుకు పోవలసిన విమానం కూడా ముందు పడమరకే లేచి తర్వాత తిరిగేది. ఒక సోమవారం, మనవణ్ణి పంపడానికి వచ్చిన తాతగారు రెయిలింగు పట్టుకుని చూస్తూ, విమానం సనత్‌నగర్ వైపు లేవగానే చప్పట్లు కొట్టినంత పని చేశారు. "పడమరకే పోతోంది చూశావా! శూల తగల్లేదు." నేను ఔనన్నాను.

తర్వాత కొన్నేళ్ళకు హైదరాబాదు నుంచే సింగపూరుకు నేరుగా విమానాలు వచ్చాయి. నాంపల్లి స్టేషను, చెన్నై లాడ్జి ఒక్క దెబ్బతో పోయాయి. మిగిలింది గడియారం గొడవ. సింగపూరు గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు. ఒకప్పుడు తేడా రెండు గంటలే. 1982 జనవరి 1న, మలేషియాతో పాటు నడవడానికని, వాళ్ళు గడియారాన్ని అరగంట ముందుకు జరుపుకున్నారు. అందుకే అక్కడ సూర్యుడు ఏడింటికి గాని లేవడు. రాత్రి 11:30కు ఇక్కడ ఎక్కితే టికెట్ మీద పొద్దున 6:20కి దిగినట్టు ఉంటుంది, దాదాపు ఏడు గంటలు. వచ్చేటప్పుడు అక్కడ రాత్రి ఎనిమిదింటికి ఎక్కితే ఇక్కడ పదికి పది నిమిషాల ముందే దిగినట్టు ఉంటుంది. ఎగిరేది మాత్రం రెండు వైపులా అవే నాలుగు గంటల ఇరవై నిమిషాలు. గోదావరి లంక గ్రామం నుంచి వచ్చిన ఒక పెద్దాయన కొడుకు టికెట్ అటూ ఇటూ తిప్పి చూసి, "ఏవమ్మా, ఎల్లడానికి ఏడు గంటలు, రావడానికి రెండు గంటలా? ఎల్లడం ఎదురూ, రావడం వాలూనా?" అన్నారు. పడవల మనిషి. ఎదురీదితే ఆలస్యం, వాలుకు వస్తే త్వరగా. గడియారాల సంగతి విడమరిచి చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "అదేలే, ఎదురే" అన్నారు. ఆలోచిస్తే ఆయన మాటే సరైనదేమో. కొడుకును పంపడం ఎదురే.

ఇక నా తప్పు. ఇన్నేళ్ళయినా తేదీతో సహా గుర్తుంది, తేదీయే కదా తప్పు.

సూర్యాపేట దగ్గర పల్లె నుంచి ఒక కుర్రాడు. గచ్చిబౌలిలో ఏడాది పనిచేశాడు, సింగపూరులో ప్రాజెక్టు వచ్చింది. విమానం రాత్రి 12 దాటాక 20 నిమిషాలకు. అంటే 14వ తేదీ రాత్రి ఇంట్లోంచి బయల్దేరాలి, టికెట్ మీద మాత్రం 15 ఉంటుంది. ఈ పనిలో ఉన్నవాళ్ళం పగలూ రాత్రీ భయపడేది ఈ చిక్కుకే. వాళ్ళ నాన్న ఫోన్ చేసి, "ఏనాడమ్మా పోయేది?" అని అడిగారు. ఆ రోజు టేబులు ముందు ఆరుగురు నిలబడి ఉన్నారు. టికెట్ వైపు చూసి, "15 రాత్రి బాబాయ్" అన్నాను. అంతే. ఆ ఒక్క మాట.

15 రాత్రి తొమ్మిదింటికి రెండు సుమోల్లో పదిహేడుమంది బేగంపేటలో దిగారు. విమానం అప్పటికి వెళ్ళిపోయి ఇరవై గంటలైంది. కౌంటరులో ఆ మాట వినగానే కుర్రాడి నాన్న నేరుగా మా ఆఫీసుకు వస్తే, వాచ్‌మన్ ప్రకాష్‌నగర్‌లో మా ఇల్లు చూపించాడు. తలుపు తీసేసరికి ఆయన చేతిలో టికెట్ పుస్తకం, వెనక ఇంకా మెడలో దండతోనే కుర్రాడు. నేను కళ్ళు ఎత్తి చూడలేకపోయాను. ఆయన అరుస్తారనుకున్నాను. అరవలేదు. "నువ్వు పదిహేనంటివి గద బిడ్డా" అన్నారు, అంతే. దానికన్నా నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

ఆ రాత్రే పరుగెత్తాను. ఆ విమానానికి మళ్ళీ సీటు దొరికింది రెండు రోజుల తర్వాత. ఎక్కనందుకు కట్టాల్సిన జరిమానా మూడు నెలలు నా జీతంలోంచి పోయింది. ఆ సంగతి న్యాయమే. చిక్కల్లా ఈ పదిహేడుమంది ఎక్కడికి పోతారన్నది. దండ వేసుకుని, ఊరంతా బొట్టు పెట్టి సాగనంపిన పిల్లవాడు మళ్ళీ ఊళ్ళోకి ఎలా వెళ్తాడు? ఎదురొచ్చిన శకునం ఏమైపోవాలి? మా ఇంటివాళ్ళ మామ్మగారు మెట్లమీద నిలబడి అంతా విని, "డాబా ఖాళీగానే ఉందిగా, రమ్మను" అన్నారు.

రెండు రాత్రులు ఆ డాబామీద పదిహేడుమంది. మామ్మగారు బియ్యం డబ్బా ఇచ్చారు. నేను కూరగాయలు తెచ్చాను. ఆడవాళ్ళు ఇటుకలు పేర్చి పొయ్యి వేసి పప్పుచారు కాచారు. ప్రతి అరగంటకూ ఒక విమానం మా తలలమీదుగా, చక్రాలు లెక్కపెట్టేంత కిందుగా వచ్చి దిగేది. పిల్లలు లేచి నిలబడి చేతులూపేవారు. కుర్రాడు మాత్రం వెల్లకిలా పడుకుని ఒక్కో విమానాన్నీ కనబడినంతసేపూ చూసేవాడు. నా మీద కోపం ఉందో లేదో తెలియలేదు. అడగడానికి ధైర్యం లేదు. వాడి నానమ్మ నా పక్కన కూర్చుని తమలపాకుకు సున్నం రాస్తూ, "నువ్వేం మనసుల పెట్టుకోకు బిడ్డా. రెండు దినాలు ఎక్కువ నా కండ్ల ముందట ఉండె పోరడు. నీకు పుణ్యముంటది" అంది. నా పదకొండేళ్ళ ఉద్యోగంలో నాకు పుణ్యం ఇచ్చినావిడ ఆమె ఒక్కతే.

ఆ రాత్రే మామ్మగారు రంగం మాట ఎత్తారు. ఆమెది శ్రీకాకుళం వైపు. రంగం అంటే రంగూన్. ఆ వైపు వాళ్ళు, కాకినాడ, కోరంగి వాళ్ళు స్టీమర్లెక్కి వెళ్ళి రేవులో బరువులు మోసేవారు. బర్మావాళ్ళు మనవాళ్ళందరినీ కలిపి 'కోరంగీ'లనే పిలిచేవారట. "మా నాన్న రంగం ఎల్తే మా అమ్మ రోజూ కంచం కడిగి బోర్లించేది కాదు, తిరగేసి ఉంచితే అరిష్టమని" అన్నారు. సూర్యాపేట నానమ్మ ఆకు నములుతూ, "మరి అచ్చిండా?" అంది. "వచ్చేడు, మూడుసార్లు. నాలుగోసారి రాలేదు." ఇద్దరూ ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. మద్రాసు నుంచి సింగపూరుకు కూడా ఒకప్పుడు ప్రయాణికుల ఓడ నడిచేది. పేరు చిదంబరం. 1985 ఫిబ్రవరిలో నడిసముద్రంలో దానికి నిప్పంటుకున్నాక ఆ దారి మూసుకుపోయింది. ఓడ వాళ్ళకు నాలుగు గంటలు లెక్కే కాదు. రోజుల్లో లెక్క.

ఆ తర్వాత నేను తేదీలను నమ్మడం మానేశాను. టికెట్ మీద కంప్యూటరు ఏం ముద్రించినా, పైన వేసే అట్ట కవరు మీద (దాన్ని మేము జాకెట్ అనేవాళ్ళం) స్కెచ్ పెన్నుతో తెలుగులో రాసి ఇచ్చేదాన్ని. 'ఆదివారం రాత్రి అన్నం తిన్నాక బయల్దేరాలి.' తెల్లవారుజాము విమానమైతే 'శనివారం పడుకోకుండా.' మధ్యాహ్నం విమానమైతే 'పొద్దున టిఫిన్ తిని.' సాఫ్ట్‌వేర్ పిల్లలు నవ్వేవారు, వాళ్ళ అమ్మానాన్నలు మడిచి దాచుకునేవారు. మా సారు చూసి ఇదేం చోద్యమన్నారు గాని, టికెట్ ఉండీ ఎక్కని నో-షోలు ఆగాక మిగతా టేబులుకూ ఒక స్కెచ్ పెన్ను కొనిచ్చారు.

అదే లాంజిలో ఇంకో వరస ఉండేది, చెప్పకపోతే తప్పు. గల్ఫ్ వరస. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్ళు, అందరికీ ఏజెంటు ఇచ్చిన ఒకే రంగు సంచి. హైదరాబాదు నుంచి దుబాయికి 2,550 కిలోమీటర్లు. సింగపూరుకన్నా దగ్గర. ఏ పుస్తకం తీసినా అంతే. కాని సింగపూరు పిల్లవాడు దసరాకో సంక్రాంతికో వచ్చేవాడు. దుబాయి మనిషి రెండేళ్ళు తిరిగితే గాని వచ్చేవాడు కాదు, పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, అంటే పని ఇచ్చిన యజమాని దగ్గర, ఉండేది. సింగపూరు వాళ్ళను దింపడానికి వచ్చినవాళ్ళు ఫోటోలు దిగేవారు. వీళ్ళను దింపడానికి వచ్చినవాళ్ళు పెద్దగా మాట్లాడేవారు కాదు. నేను నేర్చుకున్న మైళ్ళ లెక్క నాకు మొదటిసారి సిగ్గనిపించింది ఆ రెండు వరసల మధ్య నిలబడే. మన పత్రికలన్నీ సైబరాబాద్ పిల్లల గురించి రాశాయి. బేగంపేట రన్‌వే ఎక్కువ మోసింది ఎవరినో ఆ లాంజిలో పనిచేసినవాళ్ళను అడగండి.

దిగిన కబురు అందడం ఇంకో ప్రయాణం. ఐఎస్‌డీ నిమిషానికి ఎంతో అందరికీ కంఠతా. అందుకని ముందే ఒప్పందం: ఒక రింగు ఇచ్చి కట్ చేస్తే క్షేమంగా దిగినట్టు, రెండు రింగులైతే ఎత్తాలి. ఊళ్ళో ఫోను ఎస్‌టీడీ బూతులోనో, పక్కింట్లోనో ఉంటే ఆ ఇంటివాళ్ళకూ ఈ ఒప్పందం చెప్పి ఉంచేవారు. పొద్దున్నే ఆరింటికి పక్కింటి ఫోను ఒక్కసారి మోగి ఆగిపోతే వీధి వీధంతా తెలిసేది, ఫలానావాళ్ళ అబ్బాయి దిగాడని. తిరుగు ప్రయాణానికి 72 గంటల ముందు ఫోన్ చేసి వస్తున్నట్టు మళ్ళీ ఖాయం చేసుకోవాలి, లేకపోతే సీటు పోయేది. ఆ ఫోను కూడా చాలామంది నాకే చేసేవారు. చేసి, చివర్లో, "అక్కా, మా అమ్మకు చెప్పకండి, సర్‌ప్రైజ్ ఇద్దామని" అనేవారు. అమ్మ అప్పటికే రెండుసార్లు ఫోన్ చేసి కనుక్కుని ఉండేది.

2008లో రెండు నెలల తేడాతో రెండూ పోయాయి. మార్చి 22 అర్ధరాత్రి దాటాక బేగంపేట మూతపడింది, 23 నుంచి శంషాబాద్. 4,260 మీటర్ల రన్‌వే, అద్దాలు, చల్లదనం. జూన్ 1 నుంచి లోకమంతటా కాగితం టికెట్లు ఆగిపోయాయి. మిగిలిన టికెట్ పుస్తకాలు లెక్కపెట్టి, సంతకాలు పెట్టి వెనక్కి పంపించాం. వారం రోజులకు గోళ్ళు తెల్లబడ్డాయి. అంతకుముందు సైబర్ టవర్స్ నుంచి ఎయిర్‌పోర్టు పన్నెండు పదమూడు కిలోమీటర్లు. ఇప్పుడు ముప్ఫైకి పైనే. ఆ ఏడాదే గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఔటర్ రింగ్ రోడ్డు తెరిచారు, మర్నాటి ఏడు మెహిదీపట్నం నుంచి 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే. కొండాపూర్‌వాళ్ళకు కొత్త ఎయిర్‌పోర్టు పాతదానికన్నా దగ్గరైంది, గంటలెక్కన. సుమోలవాళ్ళకు మాత్రం దూరమైంది. దింపడానికి వచ్చినవాళ్ళు ఎక్కడ నిలబడాలో, ఎంతసేపు కారు ఆపాలో అన్నిటికీ రేటుంది. పదిహేడుమంది నలుగురయ్యారు, నలుగురు క్యాబ్ డ్రైవరయ్యారు. మా ఆఫీసు ఇంకో ఏడాది నడిచి ఆగిపోయింది. అప్పటికే నేను మానేసి ఒక కంపెనీలో ట్రావెల్ డెస్కులో చేరాను. టికెట్లు రాయడం కాదు, ఎవరో తీసుకున్న టికెట్లకు అనుమతి బటన్ నొక్కడం.

ఇప్పటికీ అప్పుడప్పుడు హైటెక్ సిటీలో మెట్రో ఎక్కి సికింద్రాబాద్ వైపు వెళ్తుంటాను. ప్రకాష్‌నగర్, రసూల్‌పురా మధ్య రైలు పాత ఎయిర్‌పోర్టు పక్కగానే పోతుంది. డాబాలు కనిపిస్తాయి. మామ్మగారి డాబా ఏదో పోల్చుకోలేకపోయాను. అంతా పైకి లేచిపోయాయి.

మొన్న మా అక్క కొడుకు సింగపూరు వెళ్ళాడు, మూడు రోజుల పనికి. నానక్‌రామ్‌గూడలో ఉద్యోగం, మా ఇంట్లోనే ఉంటాడు. వాడికి సింగపూరు అంటే ఖమ్మం కన్నా దగ్గర. ఖమ్మం వెళ్ళాలంటే సెలవు పెట్టాలి, సింగపూరు వెళ్ళాలంటే అక్కర్లేదు. భుజానికి తగిలించుకునే సంచి ఒకటే సామాను. బరువెంతని అడిగితే ఏడు కిలోలు దాటకూడదట, పెట్టె వేస్తే దానికి వేరే డబ్బులట. "ఆవకాయ?" అన్నాను. "అక్కడ ముస్తఫా దుకాణంలో దొరుకుతుంది పిన్నీ" అన్నాడు. విమానం ఎన్నింటికని అడిగితే ఫోన్ చూసి, "సోమవారం జీరో జీరో ఫిఫ్టీన్" అన్నాడు.

నా గుండె ఒక్కసారి ఝల్లుమంది. ఎదురుగా డైనింగ్ టేబుల్ మీద ఏదో కాగితం ఉంటే లాక్కుని, దాని వెనక పెద్ద అక్షరాలతో 'ఆదివారం రాత్రి అన్నం తిన్నాక బయల్దేరాలి' అని రాసి ఫ్రిజ్‌కు అంటించాను.

"ఫోనే చెప్తుంది పిన్నీ, క్యాబ్ కూడా అదే పిలుస్తుంది" అని నవ్వాడు. సోమవారం తూర్పుకు శూల అని నేను అనలేదు. ఆదివారం రాత్రి అన్నం తిన్నాడు, వెళ్ళాడు. పొద్దున్నే దిగానని మెసేజ్. ఎగిరింది నాలుగు గంటల పది నిమిషాలు. మూడు రోజులకు తిరిగి వచ్చేశాడు కూడా. ఫ్రిజ్ మీది కాగితాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

పోయిన వారం కరెంటు ఆఫీసు మనిషి వచ్చి తలుపు తట్టాడు. బిల్లు కట్టలేదమ్మా, గడువు దాటి పది రోజులైందన్నాడు. బిల్లు రాలేదని నేను, ఇచ్చానని అతను కాసేపు వాదించుకున్నాం. మా అక్క కొడుకు మెల్లగా లేచి, ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి ఆ కాగితం పీకి, తిప్పి చూపించాడు.